దారి చూపడం (న్యాయ సహాయం)

సలహా కోసం వచ్చిన వారి సమస్య తమ పరిధిలో తీరనిదైతే, తీర్చగల చోటికి వారిని చేర్చడం న్యాయ సహాయ కేంద్రాల పనిలో ముఖ్యమైన భాగం. చిరునామా చెప్పి పంపడం ఒక పద్ధతి. అవతలి కార్యాలయంతో మాట్లాడి, కాగితాలు సిద్ధం చేసి అప్పగించడం మరొకటి. చదువూ ధైర్యమూ ఉన్నవారికి మొదటిది చాలు. అలాంటివారు ఈ కేంద్రాల గడప తొక్కేది తక్కువ.

భారతదేశంలో ఉచిత న్యాయ సహాయానికి ఆధారం 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం. ఇది 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఈ చట్టం కింద పనిచేస్తాయి. వాటికీ జనానికీ మధ్య నిలిచేది పారా లీగల్ వాలంటీర్లు. ఈ వాలంటీర్ల పథకం 2009లో వచ్చింది. వీరు వకీళ్ళు కారు, కోర్టులో వాదించరు. ఎవరిని ఎక్కడికి పంపాలో తెలిసి ఉండటమే వీరి ప్రధాన విద్య. ఫోనులో అడగదలచినవారికి 15100 నంబరు ఉంది.

కొడుకు అన్నం పెట్టడం లేదని కోర్టు మెట్లెక్కే తల్లిదండ్రుల సంగతి చూస్తే ఈ పని స్వరూపం తెలుస్తుంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం వారి దరఖాస్తు వెళ్ళాల్సింది ఆర్డీఓ ట్రిబ్యునల్‌కు. దానికి వకీలు అక్కర్లేదు. "ఆర్డీఓ ఆఫీసుకు వెళ్ళండి తాతా" అన్న మాటతో ఆయన గేటు దగ్గర జవానును దాటి లోపలికి వెళ్ళడం కష్టం. దరఖాస్తు రాసిపెట్టి, ఆధార్ జిరాక్సు జతచేసి, ఎవరికివ్వాలో చెప్పి, రసీదు అడిగి తీసుకోమని పంపితే సగం పని అయినట్టే. కదలలేనివారైతే, వారు అధికారమిచ్చిన మరొకరు దరఖాస్తు పెట్టవచ్చు.

కొన్నిచోట్ల దారి చూపడాన్ని చట్టమే విధిగా చేసింది. గృహ హింస ఫిర్యాదు అందుకున్న పోలీసు గానీ రక్షణాధికారి గానీ బాధితురాలికి ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుందని చెప్పి తీరాలని 2005 చట్టం అంటుంది. సమాచార హక్కు దరఖాస్తు తప్పు కార్యాలయానికి వస్తే 5 రోజుల్లో సరైన చోటికి బదిలీ చేసి, ఆ సంగతి దరఖాస్తుదారుకు తెలపాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, కేసు పెట్టదగిన నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు చేయవచ్చు. బెంగళూరులో మోసపోయి అనంతపురం వచ్చేసిన కూలీని "అక్కడికే పో" అని తిప్పి పంపడం కుదరదు.

తప్పు దారి చూపితే కాలం ఖర్చవుతుంది, గడువు దాటిపోవచ్చు. వినియోగదారుల ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు. సైబర్ మోసంలో ఖాతాలో డబ్బు పోయినవారు ముందు సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి, ఆ మాట చెప్పకుండా ఫారాలు నింపిస్తూ కూర్చుంటే డబ్బు చేతులు మారిపోతుంది.

వివరాలు మరొకరికి ఇచ్చే ముందు వచ్చినవారి సమ్మతి తీసుకోవాలి. గృహ హింస బాధితురాలికి, అలాంటి మహిళలకు సాయం చేసే సఖి కేంద్రం చిరునామా రాసిచ్చిన చీటీ భర్త కంటపడితే ఆమెకే ప్రమాదం. అందుకే అనుభవమున్న వాలంటీర్లు కాగితం చేతికిచ్చే ముందు, "ఇది ఇంటికి తీసుకెళ్ళొచ్చా అమ్మా?" అని అడుగుతారు. పిల్లలపై లైంగిక నేరాల విషయంలో మాత్రం సమ్మతి కోసం ఆగే వీలు లేదు. తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పాలని 2012 నాటి పోక్సో చట్టం నిర్దేశిస్తుంది.