కొండపల్లి ఖత్: ఆఫాఖీలు, దక్కనీలు, మనం

గరీబ్ అంటే మనకు బీదవాడు. తెలుగులోకీ ఆ మాట అలాగే వచ్చింది. కానీ అరబ్బీ, ఫార్సీ జుబాన్లలో ఆ లఫ్జ్‌కి అసలు మానీ వేరు. పరదేశి, ఊరు కాని ఊరొచ్చినవాడు. గుర్బత్ అంటే పరాయిచోట బతకడం. పరాయిచోట బతికేవాడి చేతిలో పైసా నిలవదు కాబట్టి మానీ మెల్లగా బీదతనం మీదికి జారిందనుకుంటాను.

ఐదున్నర శతాబ్దాల కిందట బీదర్ దర్బారులో ఈ లఫ్జ్ ఒక జమాత్ పేరు. ఇరాన్, ఇరాక్, తుర్కిస్తాన్ వైపు నుంచి ఓడలెక్కి బహ్మనీ సుల్తానుల కొలువుకొచ్చిన వాళ్లని గరీబులనేవారు. ఇంకో పేరు ఆఫాఖీలు. ఉఫుఖ్ అంటే దిగంతం, దానికి బహువచనం ఆఫాఖ్. అంటే దిగంతాల నుంచి ఊడిపడినవాళ్లు. వీళ్లకి ఎదురుగా దక్కనీలు. 1327లో ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఢిల్లీ జనాన్ని దౌలతాబాద్‌కి తోలుకొచ్చాడు కదా, ఆ కుటుంబాల వారసులూ, ఇక్కడ మతం మారినవాళ్లూ కలిసి దక్కనీలు. హబ్షీలు, అంటే అబిసీనియా నుంచి వచ్చినవాళ్లు, ఎక్కువసార్లు వీళ్ల పక్షాన ఉన్నారు. హబ్షీలూ సముద్రం దాటి వచ్చినవాళ్లే. అయినా వాళ్లు ‘లోకల్’ లెక్కలో పడ్డారు, ఇరానీలు పడలేదు. లోకల్, నాన్ లోకల్ అనే గీత ఎవరు ఎక్కడ పుట్టారన్న దాన్నిబట్టి గీయరు. ఎవరు ఎవరి కుర్చీకి అడ్డం వస్తున్నారన్న దాన్నిబట్టి గీస్తారు.

ఆ కుర్చీల సంగతి తారీఖ్‌లో అక్షరాలా ఉంది. రెండో అలాఉద్దీన్ అహ్మద్ షా జమానాలో (1436-58) ఖాందేశ్ మీద ఒక జంగ్ గెలిచొచ్చిన ఆఫాఖీలను మెచ్చుకుని, ఇకనుంచి దర్బారులో వాళ్లు కుడివైపు, దక్కనీలు, హబ్షీలు ఎడమవైపు అని హుకుం వేశాడట. ఫిరిష్తా రాశాడు ఈ మాట. పగ అప్పటినుంచే ముదిరిందని కూడా రాశాడు. కుడి, ఎడమ అనే మాటలు ఫ్రెంచి విప్లవంలో పుట్టాయని మాకు డిగ్రీలో చెప్పారు. మన బీదర్‌లో మూడొందల యాభై ఏళ్ల ముందే కూర్చోబెట్టేశారు!

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, పొద్దున లేచి ఫోను తెరిస్తే కనిపించేది ఆ దర్బారే. మా పొన్నూరు మెయిన్ బజారులో మురుగుకాలవ గురించి ఒకసారి నాలుగు ముక్కలు రాసి పెట్టాను. వాన పడితే నీళ్లు దుకాణాల్లోకి వస్తున్నాయి, ఇదీ విషయం. గంటలో ముఖపరిచయం లేని ఒకాయన వచ్చి ‘పేటీఎం బ్యాచ్’ అన్నాడు. ఇంకో అరగంటకి ఇంకొకాయన ‘పచ్చ బ్యాచ్‌కి కొత్త తమ్ముడొచ్చాడు’ అన్నాడు. ఇద్దరూ ఒకే నాలుగు ముక్కలు చదివారు. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకున్నారు, నన్ను మర్చిపోయారు, కాలవని ఎప్పుడో మర్చిపోయారు. మూడో ఆయన నా పేరు చూసి ‘నువ్వు ముందు అక్కడికి వెళ్లి మాట్లాడు’ అని ఒక దేశం పేరు చెప్పాడు. కాలవ పొన్నూరులోనే ఉంది భాయ్, అక్కడికి వెళ్లి ఏం మాట్లాడను?

మన గుంటూరు జిల్లాలో దీనికి ఇంకో మెలిక కూడా ఉంది. కొత్త మనిషి రాజకీయం మాట్లాడితే వాదన వినే ముందు ఇంటిపేరు వెతుకుతారు. ఇంటిపేరు దొరికితే కులం దొరుకుతుంది, కులం దొరికితే పార్టీ దొరికినట్టే అని లెక్క. ఇక ఆయన చెప్పేది వినక్కర్లేదు. మాలాంటివాళ్ల ఇంటిపేర్లు షేక్, సయ్యద్, పఠాన్. ఆ లెక్కకి అందవు. అందుకని మాకు వేరే లెక్క వేస్తారు.

ఇబ్న్ ఖల్దూన్ 1377లో రాసిన ముఖద్దిమాలో దీనికొక పేరుంది, అసబియత్. అసబ్ అంటే నరం. గుంపుని ఒక్కటిగా కట్టే నరం. అది లేనిదే రాజ్యాలు నిలబడవన్నాడాయన, అంటే దాన్ని చెడ్డమాటగా వాడలేదు. అదే ధాతువు నుంచి మన ఉర్దూలోకి వచ్చిన ఇంకో మాట తఅస్సుబ్. మనవాడు కాబట్టి కరెక్టు, మనవాడు కాదు కాబట్టి తప్పు అనే గుడ్డితనం. ఒకే నరం, రెండు పనులు.

మనిషికి ఈ నరం ఎంత తేలిగ్గా పుట్టుకొస్తుందో 1970 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో హెన్రీ తాజ్‌ఫెల్ అనే ప్రొఫెసరు పరీక్షించి చూశాడు. స్కూలు పిల్లలకి ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించి, నీకు క్లే నచ్చాడు, నీకు కాండిన్‌స్కీ నచ్చాడు అని రెండు గుంపులు చేశాడు. నిజానికి ఆ విభజన చీటీలు తీసినట్టు చేసిందే. తర్వాత డబ్బులు పంచమన్నాడు. తన గుంపులో ఎవరున్నారో కూడా ఏ పిల్లవాడికీ తెలియదు. అయినా తన గుంపుకే ఎక్కువ ఇచ్చారు. అసలు విశేషం అది కాదు. తమ గుంపుకి వచ్చేది కొంచెం తగ్గినా ఫర్వాలేదు, అవతలి గుంపుకీ తమకీ మధ్య తేడా పెద్దదిగా ఉండాలి అన్నట్టు పంచారు. తాజ్‌ఫెల్ పోలండ్ యూదు. ఆయన ఖాందాన్ హిట్లర్ మారణకాండలో తుడిచిపెట్టుకుపోయింది. ఈ సవాల్ ఆయనకి ఊరికే పుట్టలేదు.

మళ్లీ బీదర్‌కి వద్దాం. 1446-47 ప్రాంతంలో కొంకణ్ అడవుల్లో బహ్మనీ ఫౌజ్ దెబ్బతింది. సర్దార్ ఖలఫ్ హసన్ బస్రీ ఆఫాఖీ, ఆయన అక్కడే చనిపోయాడు. మిగిలిన ఆఫాఖీలు పుణె దగ్గరి చాకన్ ఖిలాకి చేరారు. ఓటమికి దక్కనీ సర్దార్లే కారణమని సుల్తానుకి చెప్తామన్నారు. దక్కనీలు ముందే ఖత్ పంపారు, ఆఫాఖీలు బగావత్‌కి దిగారని. చాకన్ నుంచి వెళ్లే ఖత్‌లని దారిలోనే ఆపేశారు. సుల్తాను ముందు ఒకే కథ ఉంది, దాన్నే నమ్మాడు. ఖిలా చుట్టుముట్టి, చివరికి ప్రాణాలకి హామీ ఇచ్చి, దావత్‌కి పిలిచి నరికారు. తప్పించుకున్న కొద్దిమంది బీదర్ చేరి అసలు సంగతి చెప్పాక సుల్తాను దక్కనీ సర్దార్లను శిక్షించాడు. అప్పటికి పోయినవాళ్లు పోయారు.

ఇలాంటి దర్బారుకి 1453లో ఒక సౌదాగర్ వచ్చాడు. ఇరాన్‌లోని గీలాన్ మనిషి, పేరు మహమూద్ గవాన్. నలభై దాటిన వయసు. వ్యాపారానికి వచ్చి ఉండిపోయి, వజీర్ అయ్యాడు. బీదర్‌లో ఆయన కట్టిన మదర్సా (1472) సగం కూలినా ఇప్పటికీ నిలబడి ఉంది, గోడల మీద నీలం పలకలతో సహా. పుట్టుకతో ఆఫాఖీయే గానీ పదవులు పంచేటప్పుడు ఆఫాఖీలకీ దక్కనీలకీ సమానంగా పంచాడు. నాలుగు సూబాలని ఎనిమిది చేశాడు. సూబేదారు చేతిలో ఒక్క ఖిలానే ఉంచి, మిగతావి సుల్తాను కిందికి తెచ్చాడు. జీతం తీసుకుని సిపాయిలని పెట్టనివాళ్ల దగ్గర లెక్క అడిగాడు.

దక్కనీల పెద్ద మలిక్ హసన్ బహ్రీ తెలంగాణ సూబాకి హాకిం. కొత్త పద్ధతిలో తెలంగాణ రెండు ముక్కలైంది, రాజమండ్రి ఒకటి, వరంగల్ ఒకటి. ఆయనకి సగమే మిగిలింది. నా అభిప్రాయం ఏమిటంటే అసలు నొప్పి ఇక్కడుంది. పోయింది ఖిలాలూ ఆమదనీ. కానీ నా ఆమదనీ పోయింది అని అరిస్తే ఎవరొస్తారు? ఆఫాఖీలు మన దక్కన్‌ని తినేస్తున్నారు అంటే వస్తారు. ఈ మలిక్ హసన్ ఎవరనుకున్నారు? ఫిరిష్తా ప్రకారం విజయనగరం మీద జంగ్‌లో చిన్నతనాన బందీగా దొరికిన బ్రాహ్మణ కుటుంబపు బిడ్డ. ఖైదీగా వచ్చి ఒక జమాత్‌కి సర్దార్ అయ్యాడు.

1480-81లో సుల్తాను మూడో ముహమ్మద్ షా మన వైపు ఉన్నాడు. కొండవీడు ఖిలా ఎదురు తిరిగితే అణచడానికి వచ్చాడు. ఆ దండయాత్రలో ఒక దేవాలయాన్ని కూల్చి, పూజారులని స్వయంగా చంపి గాజీ బిరుదు పెట్టుకున్నాడని ఫిరిష్తాయే రాశాడు. ఈ ముక్క దాచిపెట్టి గవాన్ కథ చెప్పడం నాకు ఇష్టం లేదు. అక్కడినుంచి కంచి దాకా దోపిడీకి వెళ్లి, తిరిగొచ్చి కొండపల్లిలో గుడారాలు వేశాడు. మన బొమ్మల కొండపల్లే. పొన్నూరు నుంచి గుంటూరు, బెజవాడ మీదుగా రెండు మూడు గంటల దారి.

అక్కడ పుట్టింది ఆ ఖత్. గవాన్ మొహర్ మోసే హబ్షీ గులాంని మచ్చిక చేసుకుని, తాగించి, ఖాళీ కాగితం మీద మొహర్ వేయించారు. ఖాళీ జాగాలో గజపతి రాజుకి కబురు రాశారు: మా సుల్తాను తాగుబోతు, సరిహద్దు ఖాళీగా ఉంది, నువ్వు రా, దేశాన్ని పంచుకుందాం అని. సుల్తాను తాగి ఉన్న వేళ చూసి చేతికిచ్చారు. కబురందితే దోస్తులు గుజరాత్ వెళ్లిపొమ్మన్నారు, గవాన్ వెళ్లలేదు. సుల్తాను ఖత్ చూపించాడు. మొహర్ తనదేననీ, రాత తనది కాదనీ చెప్పాడు గవాన్. సుల్తాను ఇంకో మాట వినకుండా జౌహర్ అనే గులాంకి హుకుం ఇచ్చి లోపలికి వెళ్లిపోయాడు. 1481 ఏప్రిల్ 5. గవాన్‌కి డెబ్బై ఏళ్లు.

మొహర్ అసలుది, మజ్మూన్ నకిలీ. రోజూ మన ఫోన్లలోకొచ్చే సరుకు ఇదే కదా. ఫోటో నిజమే, కింద రాసింది అబద్ధం. న్యూస్ డెస్క్‌లో ఇరవై ఏళ్లుగా నేను చూస్తున్నది కూడా ఇదే. మొత్తం కల్పించిన దాన్ని జనం తొందరగా పట్టేస్తారు, అసలు ముద్ర మీద రాసిన అబద్ధాన్ని పట్టలేరు. పైగా నమ్మాలా వద్దా అన్నది ఖత్ రాకముందే తేలిపోయి ఉంటుంది. ఆఫాఖీ గద్దార్ అని ఏళ్ల తరబడి చెవిలో పోస్తే, కాగితం కేవలం రసీదు.

తర్వాత గవాన్ ఖజానా వెతికితే సుల్తాను ఊహించిన దౌలత్ దొరకలేదు. వ్యాపారం మీద వచ్చిన దాంతో తిని, జాగీరు ఆమదనీ సిపాయిలకీ దానాలకీ ఇచ్చేవాడని ఖజాంచీ చెప్పాడట. సుల్తాను ఏడ్చాడు, ఏడాది తిరక్కుండానే చనిపోయాడు. యూసుఫ్ ఆదిల్ ఖాన్ లాంటి ఆఫాఖీ సర్దార్లు సుల్తాను పక్కన గుడారం వేయడానికే ఒప్పుకోలేదు. మలిక్ హసన్ 1486లో బీదర్‌లోనే హతమయ్యాడు. మరుసటి ఏడాది దక్కనీలు కొత్త సుల్తాను మీద హత్యాయత్నం చేస్తే, ఈసారి బీదర్‌లో మూడు రోజులు దక్కనీల ఖూన్ ఖరాబా. ఇంకొన్నేళ్లకి సల్తనత్ ఐదు ముక్కలు. ఎవరు గెలిచారో చెప్పండి.

ఇక్కడ ఒక చిక్కుంది. ఈ కథంతా మనకి చెప్పింది ప్రధానంగా ఇద్దరు, ఫిరిష్తా, సయ్యద్ అలీ తబాతబా. ఇద్దరూ ఇరాన్ నుంచి వచ్చినవాళ్లే, ఆఫాఖీలు. ఫిరిష్తా అయితే 1589లో అహ్మద్‌నగర్‌లో ఆఫాఖీల ఊచకోత నుంచి బయటపడి బీజాపూర్ చేరిన మనిషి. ఆయన కలంలో ఆ భయం ఉండదా? మలిక్ హసన్ మునిషీ రాసిన తారీఖ్ ఏదీ మన చేతిలో లేదు. హారూన్ ఖాన్ షేర్వానీ మొదలు రిచర్డ్ ఈటన్ దాకా ఈ ఇద్దరి రాతల మీదే చాలావరకు ఆధారపడాల్సి వచ్చింది. గవాన్ బేగునాహ్ అన్నది నేను నమ్ముతాను. కానీ దక్కనీలందరినీ అసూయాపరులుగా చూపించే ఆ బొమ్మని మొత్తంగా నమ్మలేను. ఫార్సీ రానివాళ్లని దర్బారు చిన్నచూపు చూస్తే వాళ్లకి కడుపు మండదా?

ఆ మంట హైదరాబాద్‌లో మళ్లీ రాజుకుంది, ఈసారి పేర్లు ముల్కీ, గైర్ ముల్కీ. 1884లో ఫార్సీ పోయి ఉర్దూ సర్కారీ జుబాన్ అయ్యాక నౌకరీలకి ఉత్తరాది నుంచి చదువుకున్న ముస్లింలు దిగారు. ఇక్కడి ముస్లింలకి ఒళ్లు మండింది. ముల్కీ హక్కు మొదట అడిగింది ముసల్మాన్లు, ముసల్మాన్ల మీదే. 1919 నిజాం ఫర్మాన్‌లో పదిహేనేళ్ల నివాసం షరతు పెట్టారు. 1952 సెప్టెంబరుకి అదే మాట నాన్ ముల్కీ గో బ్యాక్ అయింది, సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో పిల్లలు పోయారు. 1969 సరే సరి. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ రూల్స్ చెల్లుతాయనగానే మా వైపు జై ఆంధ్ర లేచింది. రైళ్లు ఆగిపోయాయని అబ్బా చెప్పేవారు. నౌకరీల లెక్క రెండు ప్రాంతాల ఆత్మగౌరవం లెక్కగా మారిపోయింది. రెండు వైపులా నిజమైన ఫిర్యాదులు ఉన్నాయి, రెండు వైపులా వాటిని వినేవాళ్లు లేరు.

నేను హైదరాబాద్‌లో పనిచేసినప్పుడు అక్కడి దోస్తులు నా ఉర్దూ విని నవ్వేవారు, ‘ఆంధ్రా వాలే’ అని. లక్నో వాళ్లు వాళ్ల ఉర్దూ విని నవ్వుతారు. మా అమ్మీ ‘నక్కో’ అంటుంది, వాళ్ల అమ్మీ కూడా ‘నక్కో’ అంటుంది. అది దక్కనీలు మనకి వదిలి వెళ్లిన మాట.

ఆ దక్కనీ జుబాన్‌లో మొదటి పెద్ద దీవాన్ ఎవరిదంటే ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షాది. హైదరాబాద్ కట్టించినవాడు. ఆయన తాత సుల్తాన్ ఖులీ, హమదాన్ నుంచి బీదర్ కొలువుకి వచ్చిన అసలు సిసలు ఆఫాఖీ. నాన్న ఇబ్రహీం ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకుని, తెలుగు కవులని పోషించి, వాళ్ల నోట మల్కిభరాముడయ్యాడు. ఆ ఇబ్రహీం కాలంలోనే, 1579లో, కొండవీడు ఖిలా గోల్కొండ కిందికి వచ్చి ముర్తజానగర్ అని పేరు మార్చుకుంది. మనవడు బోనాల నెల ఆషాఢపు వానల మీదా, వసంతం మీదా దక్కనీలో గజళ్లు రాసుకుంటూ కూర్చున్నాడు.