అరక వెనక నడక

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి ఊళ్లలో ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా వ్యాయామానికి విడిగా వేళంటూ ఉండేది కాదు. అది సేద్యంలోనే కలిసి ఉండేది. సాలుకూ సాలుకూ అర అడుగు ఎడం లెక్కన ఎకరం దున్నాలంటే నాగలి వెనక 26 కిలోమీటర్లకు పైగా నడవాలి. ఆ తరవాత గొర్రు, గుంటక, కలుపు. ఒడి కట్టుకుని పత్తి తీత. మిరప కోత, కల్లంలో ఆరబోత. పొలానికి పోయేదీ వచ్చేదీ కాలినడకనే.

కసరత్తు కూడా లేకపోలేదు. కుర్రకారు తాలింఖానాల్లో దండీలు, బస్కీలు తీసేవారు, కర్రసాము నేర్చేవారు, చెడుగుడు ఆడేవారు. అదంతా బలానికీ పందేలకూ. జబ్బుకు మందుగా దేహశ్రమను చెప్పింది మాత్రం వైద్యులే. ప్రమేహం (నేటి షుగరు వంటి జబ్బు) పట్టిన పేదవాడు చెప్పులూ గొడుగూ లేకుండా నూరు యోజనాలు నడవాలని, లేదా బావి తవ్వాలని సుశ్రుత సంహిత విధించింది. అందులో నడక మాట ఇప్పటికీ చెల్లుతుంది. చెప్పుల్లేని నడక చెల్లదు. షుగరుతో అరికాళ్లకు స్పర్శ తగ్గినవాడికి పత్తి మోడు గుచ్చుకున్నా తెలియదు, ఆ పుండు కాలినే తీసేయించవచ్చు.

దేహశ్రమ చేసే మేలుకు ఆధునిక వైద్యంలో గట్టి ఆధారం 1953లో దొరికింది. లండన్ రెండంతస్తుల బస్సుల్లో కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని జెరెమీ మోరిస్ బృందం చూపింది.

ఈ మైదానంలో మార్పు ఆ తరవాత వచ్చింది. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలారు. కుడి కాలువ కింద జొన్న చేలు వరి మళ్లయ్యాయి. ట్రాక్టరు అరకను తప్పించింది, మోపెడ్డు, బైకు నడకను తప్పించాయి. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం పేదల ఇంటా రోజూ వరి అన్నం పెట్టింది. ఆకలి తీరడం గొప్ప మేలు, దాన్ని తక్కువ చేయడానికి లేదు. అయితే తిండి మారిన కాలంలోనే ఒంటి కష్టమూ తగ్గింది. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల 45 గ్రామాల్లో మరణ కారణాలు ఆరా తీస్తే, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటువ్యాధులవి 12 శాతమే.

నివారణకు దారి కూడా దగ్గరలోనే తేలింది. షుగరు అంచున ఉన్న 531 మందితో చెన్నైలో జరిగిన పరిశోధన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. నడక, మితాహారం పాటించినవారిలో జబ్బు ముప్పు 28.5 శాతం తగ్గింది; మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 26.4 శాతం. కదిలే కండరం ఇన్సులిన్ సాయం అంతగా లేకపోయినా రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. కసరత్తు చేసే మేలు ఒకటి రెండు రోజులే నిలుస్తుంది కాబట్టి వారానికోసారి చేసే కసరత్తు చాలదు.

ఈ నల్లరేగడి ఊళ్లలో నడక మానినవి ఎక్కువగా భూమి ఉన్న ఇళ్లు. మిరప కోతకు కర్నూలు వైపు నుంచి వలసవచ్చే కూలీలు, పత్తి తీసే ఆడవాళ్లు ఇప్పటికీ రోజంతా ఎండలో వంగే ఉంటారు. నడుం విరిచే ఆ పనిని వ్యాయామంగా లెక్కగట్టడం అన్యాయం. వాళ్లకు కావలసినవి విశ్రాంతి, తాగునీళ్లు, చేలో పని మానకుండా బీపీ, షుగరు చూపించుకునే వీలు.