పాత కారుకు కొత్త స్టీరింగు

ఉగాది సంచిక అనగానే రాయలవారి వైభవమును గురించో, బళ్ళారి రాఘవగారి నటనను గురించో వ్రాయుట మన సంఘంలో వాడుక. ఆ పని చేయగల పెద్దలు మనలో చాలమంది వున్నారు. మేము రైల్వేలో గుమాస్తాలము, మెట్రిక్‌తో చదువు ఆపినవాళ్ళము. అందుచేత పెద్దలెవ్వరూ ముట్టని చిన్న విషయం ఒకటి తీసికొన్నాము. మన కాంపులలో యింకా అక్కడక్కడ తిరుగుతున్న పాతకాలపు కార్ల స్టీరింగు చక్రము, దానిని వూడదీసి బజారులో కొన్న కొత్త చక్రము బిగించవలెనను కుర్రవాళ్ళ ఉబలాటము, దాని వెనుకనున్న చరిత్ర, యిదే మా వ్యాస విషయము.

రైల్వేవాళ్ళకు స్టీరింగుతో పనేమి అని మిత్రులు హాస్యమాడినారు. నిజమే, రైలింజనుకు స్టీరింగు లేదు. దాని చక్రాలు తొడుగు వైపు ఒకింత వాలుగా, కోసు ఆకారంలో వుంటవి. ఆ వాలే వంపులలో బండిని పట్టాల మీద సరిగా నడిపిస్తుంది. డ్రైవరు తిప్పవలసినది ఏదీ లేదు. దారి తానే ఎన్నుకొనవలసిన బండికే చేతి చక్రము కావలసి వచ్చింది.

మన పెద్దలు ఎన్నుకొన్న దారి అందరికీ తెలిసినదే. తుంగభద్ర ఆనకట్టకు 1945 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది, 1953లో కాలువలకు నీరు వచ్చింది. ఆ సంవత్సరమే అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయినవి. బళ్ళారి, హోసపేట, సిరుగుప్ప మొదలైనవి మైసూరులో చేరినవి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుండి రైతు కుటుంబాలు వచ్చి సిరుగుప్ప, కంప్లి, గంగావతి, సింధనూరు ప్రాంతాలలో నల్లరేగడి కొని, కాలువ వెంట గుడిసెలు వేసికొని వుండినవి. ఆ గుడిసెలు వూళ్ళయినవి గాని పేరు మాత్రము నేటికీ కాంపే. పొలం నిలదొక్కుకొన్న తరువాత కొందరి వాకిళ్ళలోనికి జీపు, మరికొందరి వాకిళ్ళలోనికి అంబాసడరు వచ్చినవి.

సిరుగుప్ప తాలూకాలోని ఒక కాంపులో మాకు తెలిసిన పెద్దాయన వద్ద 1968 నాటి అంబాసడరు వున్నది. మొదట గుడివాడ వైపు కొన్నారు. ఆంధ్ర నంబరుతో వచ్చి, ఇక్కడ కొత్త నంబరు వేయించుకొన్నది. అది వచ్చినప్పుడు యిది మైసూరు రాష్ట్రము, 1973 నవంబరు 1న కర్ణాటక అయినది. నంబరు మారింది, రాష్ట్రము పేరు మారింది, రంగు రెండుసార్లు మారింది. ఛాసిస్ నంబరు, స్టీరింగు చక్రము మాత్రము మారలేదు. క్రిందటి సంక్రాంతికి బెంగుళూరు నుండి వచ్చిన మనుమడు ఒక తోలు తొడిగిన చిన్న చక్రము పార్సెలులో తెప్పించి, “తాతయ్యా, ఇది లారీ చక్రంలా వుంది, తీసేద్దాం” అన్నాడు. ఆయన ఒప్పుకొనలేదు, కాదనలేదు. మమ్మల్ని పిలిచి “రైల్లో పనిచేసేవాడివి, నాలుగు పుస్తకాలు చూసి చెప్పవయ్యా” అన్నారు. చూసినదే వ్రాస్తున్నాము.

మొదటి మోటారు కార్లకు చక్రము లేదు. 1886లో జర్మనీలో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రాల బండిని పడవ చుక్కానికి వలె ఒక కర్రపిడితో త్రిప్పేవారు. నాలుగు చక్రాల బండిలో ముందున్న రెండు చక్రాలూ వంపులో ఒకే కోణంలో తిరిగితే ఒకటి యీడ్చుకొని పోతుంది. లోపలిది ఎక్కువ, వెలుపలిది తక్కువ తిరగవలె. ఈ యుక్తి గుర్రపుబండ్ల కాలంలోనే మ్యూనిచ్ నగరపు బండ్ల మేస్త్రీ లాంకెన్‌స్పెర్గర్‌కు తట్టింది. 1818లో లండనులో ఆయన తరఫున పేటెంటు తీసికొన్న అకర్‌మన్ పేరే దానికి నిలిచిపోయింది. పని చేసినవాడొకడు, పేరు వచ్చినవాడొకడు అనుట ఆఫీసులలో పనిచేసే మావంటి వారికి కొత్తగాదు.

1894లో ఫ్రాన్సులో పారిస్ నుండి రువాన్ వరకు జరిగిన మోటారు పందెములో ఆల్ఫ్రెడ్ వాషెరాన్ అనునతడు తన పనార్ బండికి కర్రపిడి తీసివేసి గుండ్రని చక్రము అమర్చినాడు. గమనించవలసినదేమంటే, చరిత్రలో స్టీరింగు చక్రము తొలుత ప్రవేశించుటయే ఒక మార్పుడు పనిగా ప్రవేశించింది. కంపెనీ యిచ్చినదానిని తీసి బండివాడు తనకు కావలసినది పెట్టుకొన్నాడు. 1898 నాటికి పనార్ కంపెనీయే తన బండ్లకు చక్రము పెట్టసాగింది. ఈ సంగతి చెప్పగా మనుమడు తాతగారి వంక గర్వంగా చూసినాడు.

అయితే ఆ రోజులలో చక్రము పెద్దదిగా వుండుటకు కారణము వేరే వున్నది. ముందు ఇరుసు మీది బరువంతా మనిషి చేతి బలంతోనే తిరగవలె. చేతికి సాయంగా నూనె ఒత్తిడితో పనిచేయు పవర్ స్టీరింగు అమ్మకానికి వచ్చిన కార్లలో మొదటిసారి 1951లో అమెరికా వారి క్రైస్లర్ ఇంపీరియల్‌లో వచ్చింది. మన దేశంలో సామాన్యుల కార్లకు అది చేరుటకు 1990లు దాటవలసి వచ్చింది. హిందుస్థాన్ మోటార్స్ వారు ఉత్తరపారాలో 1957 నుండి చేసిన అంబాసడరు, ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారుకు రూపాంతరము. బొంబాయి ప్రీమియర్ వారి ఫియట్ 1100, తరువాత పద్మిని అని పిలువబడినది, అది ఇటలీ నమూనా. మహీంద్రా వారు 1947 నుండి కూర్చిన జీపు అమెరికా యుద్ధపు బండి. నమూనాలు మూడు దేశాలవైనా మూడింటి చక్రాలూ పెద్దవే, సన్నటి అంచుతో.

చిన్న చక్రాల వాడుక పందెముల నుండి వచ్చింది. ఇటలీలో ఎన్రికో నార్డి 1950లలో కొయ్య అంచు, అల్యూమినియము ఊచలు గల అందమైన చక్రాలు చేసి పేరు పొందినాడు. జియాన్‌పియెరో మొరెట్టి అను పందెగాడు తనకొరకు లావాటి పట్టు గల చక్రము చేయించుకొనగా, దానిని చూసి జాన్ సర్టీస్ 1964లో తన ఫెరారీకి అట్టిది కావాలన్నాడు. ఆ ఏడాది అతడే ప్రపంచ విజేత. మోమో కంపెనీ కథ అక్కడ మొదలైనది. ఇక బజారుకు అడ్డులేక పోయింది. పందెపు బండి తేలిక, దాని డ్రైవరు పడుచువాడు, బండి ఎప్పుడూ వేగంలో వుండేది. నిలబడిన బండికంటె పరుగెత్తే బండిని త్రిప్పుట సులువు. మన అంబాసడరేమో వడ్ల బస్తాలు వెనుక వేసికొని బురద గట్టు మీద వెనక్కు త్రిప్పుకొనవలసినది.

ఇక్కడ చిన్న లెక్క. చక్రము చేతికి ఒక మీటవంటిది. 17 అంగుళాల చక్రము తీసి 14 అంగుళాలది పెట్టినామనుకోండి. టైరును త్రిప్పుటకు కావలసిన పని తగ్గదు, మీట మాత్రము పొట్టిదవుతుంది. 17ను 14తో భాగించగా సుమారు 1.21. అనగా వంద పాళ్ళ బలము పెట్టే చోట నూట ఇరవై ఒక పాళ్ళు పెట్టవలె. పాత సన్న టైర్లు పోయి వెడల్పాటి రేడియల్ టైర్లు వేసిన కారయితే అది యింకా బరువు. ముప్ఫై యేళ్ళ మనుమని భుజాలకు తెలియదు, ఎనభై దాటిన తాతగారి భుజాలకు మొదటి మలుపులోనే తెలుస్తుంది. చిన్న చక్రానికి లాభము లేదనుట కూడ అన్యాయమే. పొట్టకు, మోకాళ్ళకు చోటు దొరుకుతుంది, లావాటి అంచు చెమట చేతికి జారదు. ఒక అంగుళము తగ్గించుకొనుట వేరు, మూడంగుళాలు తగ్గించుకొనుట వేరు.

బిగించే పని సంగతికి వస్తాము. బళ్ళారిలో మాకు ఎరుకైన ఒక వృద్ధ మేస్త్రీ యింటిలో ఉర్దూ, షెడ్డులో కన్నడము, మాతో తెలుగు మాట్లాడతారు. ఆయన పద్ధతి యిది. ముందు బ్యాటరీ ఎర్తు తీగ విప్పవలె, లేకుంటే హారను మోగుటో, తీగ కాలుటో జరుగును. ముందు టైర్లను తిన్నగా నిలుపవలె. నడుమనున్న హారను బొత్తాము తీసి, చక్రానికీ కడ్డీకీ ఒకే గీతగా గుర్తు పెట్టవలె. పెద్ద నట్టును వదులు చేయవలె గాని పూర్తిగా తీయరాదు, రెండు మూడు చుట్లు వుంచవలె. అరవై ఏండ్లు బిగుసుకొన్న చక్రము ఒక్కసారిగా వూడితే మనిషి పండ్లు రాలును. పుల్లరుతో లాగవలెగాని సుత్తితో క్రింది నుండి కొట్టరాదు. కొడితే లోపలి బేరింగు, కడ్డీ చివరి మరలు చెడును.

అన్నిటికంటె ముఖ్యమైనది కొత్త చక్రానికీ పాత కడ్డీకీ మధ్యన వచ్చే లోహపు దిమ్మ. దుకాణదారులు దానిని బాస్ కిట్ అంటారు. కడ్డీ చివర సన్నని పళ్ళు వుంటవి, ఆ పళ్ళు ఒక్కొక్క కారుకు ఒక్కొక్క లెక్క. దిమ్మ లోపలి పళ్ళు వాటితో అచ్చంగా కలవవలె. మనుమడు తెప్పించిన పార్సెలులో చక్రమున్నది, పది రకాల కార్లకు సరిపోవునని వ్రాసిన దిమ్మ ఒకటి వున్నది. మేస్త్రీ దానిని వేళ్ళతో త్రిప్పి చూసి ప్రక్కన పెట్టినారు. “దగ్గర దగ్గర సరిపోయింది అంటే సరిపోలేదని అర్థం, బాబూ. పెళ్ళి సంబంధంలో నడుస్తుందేమో, స్టీరింగులో నడవదు” అన్నారు. లేతు మీద ఒక్క ముక్క ఉక్కుతో కొత్త దిమ్మ చేయించవచ్చును. పాత చక్రపు నడిబొడ్డును కోసి కొత్తదానికి వెల్డింగు చేయువారు వున్నారు, దానికి ఆయన ఒప్పుకొనరు. అతుకు పైకి బాగుండి లోపల చీలిందా, మలుపులో చక్రము చేతిలో వుండును, బండి కాలువలో వుండును.

ఈ మాటలో మా ప్రాంతము వారికి అతిశయోక్తి తోచదు. కాలువ గట్లే మన రోడ్లు.

మరొక సంగతి. పాత కార్లలో స్టీరింగు కడ్డీ ముందు భాగము నుండి డ్రైవరు రొమ్ము వైపు ఈటె వలె నిలిచి వుండేది. ఎదురుగా గుద్దుకొన్నప్పుడు అది వెనక్కు తన్ని ప్రాణాలు తీసేది. 1967 నమూనాల నుండి అమెరికాలో జనరల్ మోటార్స్ వారు దెబ్బకు ముడుచుకొనిపోవు కడ్డీని పెట్టినారు. 1968 జనవరి 1 నుండి అక్కడి ప్రభుత్వము కొత్త కార్లకు అట్టి రక్షణ విధిగా చేసింది. మన దేశంలో కొత్త కార్లకు డ్రైవరు ఎదుట గాలిసంచి తప్పనిసరి అయినది 2019 జూలై 1 నుండి. గాలిసంచి వున్న చక్రమును సరదాకై మార్చుట ప్రాణముతో ఆట, దానిని ముట్టరాదు. అంబాసడరులో ఆ సంచి లేదు గాని, లోతుగా గిన్నె వలె వెనక్కు వచ్చిన పందెపు చక్రము పెడితే అంచు రొమ్ముకు మరి నాలుగు వేళ్ళు దగ్గరవుతుంది. దిమ్మ పొడవు కూడ దానికి కలిసేదే.

చట్టము సంగతి తాతగారు తామే అడిగినారు. 1988 మోటారు వాహనాల చట్టము 52వ సెక్షను కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నముగా బండిని మార్చరాదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానిని గట్టిగా చెప్పింది. ఆర్.సి.లో స్టీరింగు చక్రపు కొలతకు గడి లేదు. అయితే చక్రమును 30 డిగ్రీలకు మించి కదిపినా టైరు కదలకపోవు వదులు వుండరాదని 1989 నిబంధనలలో వున్నది, ఇన్‌స్పెక్టరు అది చూడగలడు. 2021లో 50 యేళ్ళు దాటిన బండ్లకు వింటేజి నమోదు వచ్చింది. అసలు రూపము చెడకుండా వుండవలె. పాత నంబరు వుంచుకోవచ్చు, కొత్తగా నమోదైతే నంబరులో వి.ఏ. అక్షరాలు వచ్చును. కొత్త నమోదుకు 20,000 రూపాయల రుసుము, పదేళ్ళ గడువు. అయితే అట్టి బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, పెట్రోలుకు తప్ప రోజువారీ పనికి రోడ్డెక్కించరాదు.

ఇది విని తాతగారు నవ్వినారు. “అయితే పొలానికి పోవాలంటే అది పాతది కాకూడదు, గౌరవం కావాలంటే పొలానికి పోకూడదు, అంతేనా?” అన్నారు. మేము అంతేనన్నాము. 2014 మేలో ఉత్తరపారాలో అంబాసడరు తయారీ ఆగిపోయిన సంగతీ, 2017లో ఆ పేరును ఫ్రాన్సు వారి ప్యూజో కంపెనీ 80 కోట్లకు కొన్న సంగతీ చెప్పినాము. పేరుకే అంత ధరా అని ఆశ్చర్యపడినారు.

మేస్త్రీ మూడవ దారి ఒకటి చూపినారు. బళ్ళారి ఎండకు పాత చక్రపు గట్టి ప్లాస్టిక్ అంచు ఊచల వద్ద నెర్రెలిచ్చి వుండెను, మనుమనికి అసహ్యము కలిగించినది నిజానికి అదే. ప్రతి నెర్రెను ఉలివంటి పనిముట్టుతో కొంత వెడల్పు చేసి, లోపలి ఉక్కు తీగె తుప్పు గీకి, రెండు గొట్టాల ఎపాక్సీ కలిపి నింపి, రాత్రంతా ఆరనిచ్చి, ఉప్పుకాగితముతో రుద్ది నల్లరంగు వేసినారు. పైన మనుమడు సన్నని తోలు కవరు సూదితో తానే కుట్టినాడు. పట్టు లావైనది, కొలత తగ్గలేదు. కొనిన చిన్న చక్రము పెట్టెలోనే వున్నది. లేతు మీద సరైన దిమ్మ చేయించి ఒకసారి చూడవలెనని అతడింకా అంటున్నాడు. పాత చక్రమును మాత్రము అమ్మకూడదని తాతగారు షరతు పెట్టినారు. గుర్తుగా కడ్డీకీ చక్రానికీ కలిపి గీసిన గీతను మేస్త్రీ తుడవనీయలేదు.