గ్రిడ్ కంప్యూటింగ్‌లో సేవా నాణ్యత

వేర్వేరు సంస్థల అధీనంలో, దూరప్రాంతాల్లో ఉన్న కంప్యూటర్లను, నిల్వ సాధనాలను నెట్‌వర్క్ ద్వారా అనుసంధానించి ఉమ్మడి వనరుగా వాడుకొనే విధానం గ్రిడ్ కంప్యూటింగ్ కాగా, అప్పగించిన పని నిర్ణీత గడువులో, తగిన వేగంతో, ఆటంకం లేకుండా పూర్తవుతుందన్న హామీని సేవా నాణ్యత అంటారు. కేంద్రీకృత నియంత్రణ లేకపోవడం, సార్వత్రిక ప్రమాణాలను పాటించడంతోపాటు సేవా నాణ్యతను కూడా కంప్యూటర్ శాస్త్రవేత్త ఇయాన్ ఫోస్టర్ 2002లో గ్రిడ్ లక్షణంగా పేర్కొన్నాడు.

యంత్రాలన్నింటిపై ఏ ఒక్కరికీ అధికారం ఉండదు కనుక, సేవ అందించేవారు, పొందేవారు ప్రతిస్పందన కాలం, లభ్యత వంటి కొలమానాలను నిర్దేశిస్తూ సేవాస్థాయి ఒప్పందం చేసుకుంటారు. ఇటువంటి ఒప్పందాలను సాఫ్ట్‌వేర్ ద్వారానే కుదుర్చుకొనేందుకు ఓపెన్ గ్రిడ్ ఫోరమ్ 2007లో డబ్ల్యూఎస్-అగ్రిమెంట్ అనే ప్రమాణాన్ని వెలువరించింది.

ఒప్పందం అమలుకు మూడు మార్గాలు ముఖ్యమైనవి: ప్రాసెసర్లను, నెట్‌వర్క్ సామర్థ్యాన్ని ముందే కేటాయించి ఉంచే ముందస్తు రిజర్వేషన్, వనరుల స్థితిని ఎప్పటికప్పుడు గమనించే పర్యవేక్షణ, పని మధ్యలో దాని స్థితిని భద్రపరచి, యంత్రం విఫలమైనప్పుడు అక్కడి నుంచే మరొకచోట కొనసాగించే చెక్‌పాయింటింగ్.

ఐరోపా కణ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్‌లోని కణ త్వరణ యంత్రం లార్జ్ హాడ్రాన్ కొలైడర్ దత్తాంశాన్ని విశ్లేషించే ప్రపంచవ్యాప్త గ్రిడ్, సేవా నాణ్యతను ఒప్పందంతో నిర్దేశించడానికి ప్రముఖ ఉదాహరణ. అందులో కేంద్రాలను అంచెలుగా విభజించి, ఒక్కో అంచె అందించవలసిన సేవల స్థాయిని, లభ్యతను అవగాహన పత్రంలో నిర్దేశించారు.