రిజిస్టరుకు ముందున్న గడపలు: సంసారిణులు – నర్సింగ్ విద్యార్హతలు

నర్సింగ్ చరిత్రను సాధారణంగా ఆసుపత్రుల స్థాపనతోను, మిషనరీ వైద్యుల సేవతోను ప్రారంభిస్తారు. అక్కడినుంచి రిజిస్టరులో చేరిన పేర్ల సంఖ్యే చరిత్ర అవుతుంది. ఆ పేరు నమోదు కావడానికి ముందు ఒక స్త్రీ ఏయే గడపలు దాటవలసి వచ్చిందో అందులో కనిపించదు. భర్త, పిల్లలు, బతుకుతెరువు కోసం చేసే పని ఉన్న స్త్రీ విషయంలో ఈ లోపం మరీ పెద్దది. తెలుగువారి అనుభవాన్ని ముఖ్యాధారంగా తీసుకొని ఆ గడపలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మద్రాసు రాష్ట్రంలో నర్సుల, మిడ్‌వైఫుల నమోదుకు 1926లో చట్టం వచ్చింది. దేశమంతటికీ ఒకే విద్యాప్రమాణం ఉండాలని 1947లో భారత నర్సింగ్ మండలి చట్టం చేశారు. ఈ రెండింటి నడుమ, 1946లో, భోర్ కమిటీ నివేదిక వెలువడింది. నాడు బ్రిటిష్ ఇండియాలో ఉన్న నర్సులు సుమారు 7,000 మంది. అంటే 43,000 మంది జనాభాకు ఒక్కరు. కమిటీ కోరిన లక్ష్యం 500 మందికి ఒక్కరు. ఇంత కొరత ఉన్నప్పుడు ద్వారం విశాలంగా తెరవవలసింది. కాని పాఠశాల పరీక్ష ఉత్తీర్ణత, వైవాహిక స్థితి, వసతి గృహ నివాసం అనే మూడు షరతులు దానిని ఇరుకుగానే ఉంచాయి. శిక్షణ పొందే విద్యార్థినే వార్డు పనికి ఆధారం గనుక ఆమె రాత్రింబవళ్ళు అందుబాటులో ఉండాలన్నది మూడవ షరతు వెనుక ఉన్న అసలు అవసరం. పసిబిడ్డ తల్లికి అది సాధ్యం కాదు.

రెండవ షరతుకు సంబంధించిన పరిభాష గమనింపదగినది. సైనిక నర్సింగ్ విద్యాప్రవేశ ప్రకటనలు అవివాహితలతోపాటు విడాకులు పొందినవారిని, వితంతువులను కూడా అనుమతిస్తాయి. అయితే వారు ‘ఎన్‌కంబరెన్స్’ లేనివారై ఉండాలి. భూమి కొనేటప్పుడు రిజిస్ట్రేషన్ కార్యాలయంలో మనం అడిగే ఇ.సి.లోని మాటే ఇది. పొలం మీద తాకట్టు ఎటువంటిదో స్త్రీకి బిడ్డ అటువంటిదని ఆ ప్రకటన భావం.

మొదటి షరతును సూటిగా ఎదుర్కొన్నది దుర్గాబాయి. ఎనిమిదేళ్ళకే వివాహమై, ఆ బంధం నుంచి బయటపడి, జైలు జీవితం తరువాత బెనారస్ మెట్రిక్యులేషన్‌కు ప్రైవేటుగా చదివిన వ్యక్తి ఆమె. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను ప్రారంభించి, తెలుగు యువతులను అదే పరీక్షకు తయారుచేశారు. బడి వయసు దాటిన స్త్రీ తరగతి తరువాత తరగతిగా చదువుతూ పదేళ్ళు గడపలేదు. ఆమె ప్రౌఢబుద్ధికి అంత కాలం అవసరమూ లేదు. ఈ గుర్తింపే ఆ తరగతులకు పునాది. కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు, 1958లో, దుర్గాబాయి ఇదే పద్ధతిని వయోజన స్త్రీల సంక్షిప్త విద్యా కోర్సులుగా దేశవ్యాప్తం చేశారు. వితంతువులు, భర్తృపరిత్యక్తలు, పేద గృహిణులు చదువు పూర్తిచేసి ఉపాధ్యాయినులుగా, నర్సులుగా, మిడ్‌వైఫులుగా, గ్రామసేవికలుగా స్థిరపడాలన్నది దీని ఆశయం. నర్సింగ్ చరిత్రకారులు ఈ పథకాన్ని సంక్షేమ కార్యక్రమంగా భావించి పక్కన పెట్టడం సరికాదని నా అభిప్రాయం. నర్సింగ్ శిక్షణాలయపు తలుపు దగ్గరికి ఒక సంసారిణిని తీసుకువచ్చిన మార్గాలలో ఇది ముఖ్యమైనది.

అయితే ఆ మార్గం చాలామందిని సహజంగానే తొలి మెట్టు వైపు నడిపింది. 1951లో పంజాబులోని తరన్ తారన్‌లో మొదలైన ఆక్సిలరీ నర్సు మిడ్‌వైఫ్ కోర్సు రెండేళ్ళది. ప్రవేశార్హత కూడా తక్కువ. ఈ ఏ.ఎన్.ఎం. శిక్షణ పొందినవారి పేరు సైతం రిజిస్టరుకెక్కింది గాని వేరే శ్రేణిలో. పూర్తి నర్సు కావాలంటే జనరల్ నర్సింగ్ చదవాలి. ఉపకేంద్రంలో పనిచేస్తూ ఇల్లు గడుపుతున్న ఏ.ఎన్.ఎం. అందుకు జీతం వదులుకోవాలి, లేదా సెలవో డెప్యుటేషనో సంపాదించాలి. ఆమె పనిలో గడించిన అనుభవం కోర్సు కాలాన్ని తగ్గించదు. సంక్షిప్త కోర్సు వెనుక ఉన్న తర్కం, అంటే జీవితానుభవాన్ని చదువులో భాగంగా లెక్కించడం, ఈ రెండో మెట్టు దగ్గర ఆగిపోయింది.

పనిచేస్తూ చదివే సౌకర్యం అసలు రాలేదని కాదు. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1994లో దూరవిద్య ద్వారా పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగ్ ప్రారంభించింది. కాని అది అప్పటికే రిజిస్టర్డ్ నర్సులైనవారికి ఉద్దేశించినది. అంటే సంసారిణికి ఇచ్చిన సడలింపు గడపకు లోపలివైపున ఉంది.

లోపలికి వచ్చినవారికి సైతం భద్రత లేదనడానికి సైనిక నర్సింగ్ సేవ నిదర్శనం. 1977 నాటి ఒక సైనిక ఆదేశం ప్రకారం అక్కడి అధికారిణి వివాహం ఉద్యోగ విరమణకు కారణం కాగలదు. 1988లో అలా ఉద్యోగం కోల్పోయిన ఒక అధికారిణి న్యాయస్థానాలను ఆశ్రయించారు. ఆ ఆదేశాన్ని 1995లో ఉపసంహరించారు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తొలగింపు లింగవివక్ష అని తేల్చి, ఆమెకు 60 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని కేంద్రాన్ని ఆదేశించింది. తొలగింపుకు, తీర్పుకు మధ్య ముప్పై ఆరేళ్ళు గడిచాయి.