"చూద్దాం తియ్" అన్న మాట, తుఫాను లెక్క

 ఈ పోస్టు కొంచెం పొడుగుంటది. మోటర్ కాడ కూసున్నప్పుడో, రాత్రి బువ్వ తిన్నాకనో నిమ్మలంగ చదవండి.

తుఫాను వస్తుందంటే ఎప్పుడు సర్దుకోవాలె, ఎప్పుడు కదలాలె అన్న సంగతి రాస్తున్న. "మన బొల్లారానికి సముద్రం ఏడ, తుఫాను ఏడ" అని మీరు నవ్వుకుంటరు. నేను కూడ గట్లనే నవ్విన, 2020 అక్టోబర్ 13 పొద్దుగాల దాకా.

ఆ రోజు మంగళవారం. పొద్దున టీవీల చెప్పిండ్రు, వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది అని. నాకు పాణం నిమ్మలమైంది. దాటిందంటే అయిపోయినట్టే కదా అనుకున్న. మా కొట్టం ఒర్రె ఒడ్డుకు, కుంట కట్ట కింద ఉంటది. అండ్ల రెండు బర్రెలు, ఒక దుడ్డె, మొదటిసారి ఏరిన పత్తి. మా తమ్ముడు పొద్దునే అన్నడు, "అన్నా, బర్రెలను ఊర్లెకు తోల్కపోదాం" అని. నేను "మధ్యాహ్నం దాకా చూద్దాం తియ్" అన్న.

మా పొలం పక్కన రేకుల రూముల ఒక ఒడిశా పిల్లగాడు కిరాయికి ఉండేటోడు. కంపెనీల పని. గంజాం జిల్లా వాళ్లది. లాక్‌డౌన్‌ల ఊరికి పోకుండ ఇక్కడనే ఉన్నడు. పదకొండు గంటలకల్లా సంచి సర్దుకొని, గ్యాస్ పొయ్యి నెత్తిన పెట్టుకొని, మిట్ట మీదున్న తన దోస్తు రూముకు పోతున్నడు. "ఏందిరా, ఇంత వానకే భయమా" అని నవ్విన. వాడు వచ్చీరాని తెలుగుల ఒక్కటే మాట చెప్పిండు. "మా ఊర్ల చెప్పినంక ఎవరూ ఆగరు అంకుల్" అని.

మధ్యాహ్నం దాటినంక వాన అందుకుంది. చీకటి పడేసరికి ఒర్రె ఏదో పొలం ఏదో తెల్వకుండ అయింది. బర్రెలు తాళ్లు తెంపుకొని ఒడ్డెక్కినయ్. దుడ్డె దక్కలే. పత్తి మొత్తం పోయింది. ఆ రాత్రి హైదరాబాద్ చుట్టుపక్కల ఎట్ల ముంచిందో మీకందరికీ యాదికుంటది. ఘట్‌కేసర్ దిక్కు ఒక్క రోజుల 30 సెంటీమీటర్లకు పైన పడ్డది. పాతబస్తీ దిక్కు పల్లె చెరువు కట్ట తెగి ఇండ్ల మీద పడ్డది.

దుడ్డె పోయిన సంగతి కంటే నాకు ఆ పిల్లగాని మాటనే ఎక్కువ గుచ్చుకుంది. వాళ్ల ఊర్ల ఎందుకు ఆగరు, నేను ఎందుకు ఆగిన? ఈ ప్రశ్న పట్టుకొని అప్పటి నుంచి పాత తుఫానుల సంగతులు దొరికినయి దొరికినట్టు చదువుతున్న. మీకు గూడ చెప్పాలనిపించింది.

మన తెలుగు గడ్డ మీద తుఫాను అంటే ముందు చెప్పుకోవాల్సింది దివిసీమ. 1977 నవంబర్ 19, శనివారం. బంగాళాఖాతంలో 14వ తేదీ నాటికే అల్పపీడనం బలపడడం మొదలైంది. అంటే ఐదు రోజుల సమయం ఉంది. అంతకు వారం ముందే, నవంబర్ 12న, ఇంకో తుఫాను తమిళనాడులో నాగపట్నం దిక్కు తీరం దాటిపోయింది. రెండోది కూడా ముందు పడమరగా నడిచి, తర్వాత ఉత్తరం దిక్కు తిరిగింది. చీరాల ప్రాంతంలో తీరం దాటింది. దివిసీమ దానికి కుడి పక్కన పడ్డది.

ఈ కుడి పక్క సంగతి తెలుసుకోవాలె. మన దిక్కు తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతది. తుఫాను నడిచే దారికి కుడి పక్కన ఆ గాలి సముద్రం నీళ్లను భూమి మీదికి తోస్తది. అక్కడ సముద్రం లోతు తక్కువ, నేల పళ్లెం లెక్క చదును. తోసిన నీళ్లకు పోయే దారి లేక గోడ లెక్క లేస్తయి. దాన్నే ఉప్పెన అంటరు. ఆ సాయంత్రం దాదాపు 5 మీటర్ల ఎత్తు నీళ్లు లేచి, కిలోమీటర్ల దూరం లోపలికి వచ్చినయి. హంసలదీవి, సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయినయి. ప్రభుత్వ లెక్కల్లోనే చనిపోయినవాళ్లు 10,000 మంది.

తుఫాను వస్తదని వాళ్లకు తెల్వదా అంటే, రేడియోలో చెప్పారు. కానీ జనానికి తెలిసిన తుఫాను అంటే గాలి, వాన. గుడిసె పైకప్పు లేస్తది, చెట్లు పడతయి, రెండు రోజుల్లో సర్దుకుంటది. ఉప్పెన ఎట్లుంటదో చూసిన మనిషి ఊర్ల లేడు. ఆ తీరాన అంత పెద్ద ఉప్పెన 1864 నవంబర్ 1 రాత్రి బందరును ముంచింది. అప్పుడు సుమారు 30,000 మంది పోయారంటరు. 1864కు, 1977కు మధ్యల 113 ఏండ్లు. తాత చెప్పిన మాట మనవడి దాకా వచ్చింది గానీ, ఆ తర్వాత తెగిపోయింది. ఇంకో మాట కూడా ఆలోచించండి. నవంబర్ నెల. వరి పొలం మీద ఉంది. పంట ఇడిసిపెట్టి, గొడ్లను ఇడిసిపెట్టి, ఎక్కడికో తెలియని చోటికి ఏ రైతు పోతడు? పోదామన్నా అప్పుడు ఆ ఊళ్లలో తుఫాను షెల్టర్లు లేవు. వాళ్లను మొండివాళ్లు అనొద్దు. ఆ రోజు నేనున్నా చూద్దామనే అందును. అంతకంటే సులువుగ ఒర్రె ఒడ్డున ఉండి గూడ అదే అన్న కదా.

పదమూడేండ్లు గడిచినయి. 1990 మే 9న అదే కృష్ణా తీరం మీదికి ఇంకో తుఫాను వచ్చింది. గాలి వేగం గంటకు 200 కిలోమీటర్ల పైనే. 1977 దాని కంటే తక్కువదేం కాదు. కానీ ఈసారి చనిపోయినవాళ్లు వెయ్యి లోపే. అప్పుడు మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి. తుఫాను రాకముందే ఆరు లక్షల మందికి పైగా జనాన్ని తరలించారు. ఈ మధ్య కాలంలో ఏం మారింది? తీరం వెంట పక్కా షెల్టర్లు కట్టారు. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహం పైకి పోయింది, తుఫాను ఎక్కడుందో పై నుంచి కంటికి కనపడుడు మొదలైంది. ఉపగ్రహం ద్వారా నేరుగా తీరపు ఊళ్లకు హెచ్చరిక వినిపించే యంత్రాలు పెట్టారు. వీటన్నిటితో పాటు ఇంకోటి ఉంది. 1977ను కళ్లారా చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. "కదలండి" అని అధికారి అంటే, ఎందుకు అని అడగాల్సిన పని లేకుండె.

ఒడిశా పిల్లగాని మాట నాకు ఇక్కడ సమజైంది. 1999 అక్టోబర్ 29న వాళ్ల రాష్ట్రాన్ని మహా తుఫాను కొట్టింది. దగ్గర దగ్గర 10,000 మంది పోయారు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను వాళ్ల గంజాం జిల్లాలోనే, గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. లక్షల మందిని ముందే తరలించారు, చనిపోయినవాళ్లు పదుల్లోనే. ఆ పిల్లగాడు రెండో దాన్ని చూసినోడు, మొదటి దాన్ని ఇంట్లో విన్నోడు. పదకొండు గంటలకే వాడు పొయ్యి నెత్తిన పెట్టుకున్నది గందుకే.

అయితే హెచ్చరిక ఉంటే చాలు అనుకోవద్దు. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమ తుఫాను వచ్చింది. చిన్నదే, కానీ తొందరగా బలపడి తొందరగా వచ్చింది. సముద్రంలో వేటకు పోయినోళ్లు ఒడ్డుకు చేరేసరికే సమయం అయిపోయింది. వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరి తోటలు పడిపోయినయి. ఇండ్ల నేను నేర్చుకున్నది, హెచ్చరిక ఎన్ని గంటల ముందు వచ్చిందో చూసుడు కాదు, మనకు కదలనీకి ఎన్ని గంటలు పడతదో ముందుగ లెక్క కట్టుకోవాలె. పడవ ఒడ్డుకు రానీకి పది గంటలు పడితే, ఎనిమిది గంటల ముందు వచ్చిన కబురు వానికి రానట్టే.

అమెరికాల గూడ ఇదే జరిగింది. 2005లో కత్రినా తుఫాను న్యూ ఆర్లీన్స్ నగరం మీదికి వచ్చింది. అందరూ ఖాళీ చేయాలని ఆర్డర్ ఆగస్టు 28న ఇచ్చారు. తుఫాను 29 పొద్దున కొట్టింది. కార్లు ఉన్నోళ్లు పోయారు. కారు లేని పేదోళ్లు, ముసలోళ్లు, రోగులు చాలామంది ఆగిపోయారు. కట్టలు తెగి నగరం మునిగింది. అంత పైసలున్న దేశంల గూడ ఒక్క రోజు చాల్లేదు.

ఇగ మన దిక్కు రండి. మనకు ఉప్పెన రాదు, నిజమే. మనకు తుఫాను నీళ్ల రూపంల వస్తది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద చెప్తరు కదా, అది గూడ బంగాళాఖాతం నుంచి లోపలికి వచ్చిన వాయుగుండం వానే. మూసీ, ఈసీ పైన ఉన్న గొలుసుకట్టు చెరువులు ఒకదాని మీద ఒకటి తెగినయి. రెండు వందలకు పైగా చెరువులు తెగినయని తర్వాత లెక్క తేలింది. పై చెరువు తెగితే ఆ నీళ్లు కింది చెరువు మీద పడతయి, దాని కట్ట ఆగదు, ఇట్లనే హైదరాబాద్ దాకా. సుమారు 15,000 మంది పోయారు. అఫ్జల్‌గంజ్ల ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా దవాఖాన ఆవరణల ఉంది. ఆ వరద తర్వాతనే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుడు గా ముచ్చట నుంచే వచ్చింది.

అందుకే "తీరం దాటింది" అన్న మాటకు మనం తప్పు అర్థం తీసుకోవద్దు. తీరం దాటినంక తగ్గేది గాలి. వాన తగ్గాలని ఏం లేదు. తీరపోళ్లకు గండం గడిచిన గంట నుంచి మన గండం మొదలైతది. 2020ల పొద్దున కాకినాడ కాడ దాటింది, రాత్రికి మన నెత్తి మీదికి వచ్చింది. నాకు చేతిల ఒక పూట మొత్తం ఉండె. "దాటింది కదా" అని గా పూట పోగొట్టుకున్న.

వాతావరణ శాఖ తుఫాను మాట తీరానికి మూడు రోజుల ముందు నుంచే చెప్తది. 72 గంటల ముందు జాగ్రత్త మాట, 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు హెచ్చరిక. మన జిల్లాలకు వాన గురించి రంగులు ఇస్తరు. పసుపు అంటే కనిపెట్టి ఉండు, నారింజ అంటే సిద్ధంగ ఉండు, ఎరుపు అంటే పని మొదలుపెట్టు. నేను గిప్పుడు వీటికి నా పనులు ముడేసుకున్న. కొట్టంల గోడకు రాసి పెట్టిన.

సముద్రంల వాయుగుండం అనంగనే పరదాలు బయటికి తీస్త. కోతకు వచ్చిన వరి ఉంటే కోత మిషనోళ్లకు ఆ రోజే ఫోన్ చేస్త. అందరూ ఒక్కపారే అడిగితే మిషన్ దొరకదు. మన జిల్లాకు నారింజ రంగు పడ్డదంటే కల్లంల ఉన్న వడ్లు, పత్తి ఎత్తు మీదికి, మోటర్ స్టార్టర్ డబ్బా ఇప్పి ఇంటికి. కరెంటు బంద్ చేసినంకనే డబ్బా ముట్టాలె, మర్చిపోవద్దు. ఎరుపు పడ్డదంటే బర్రెలు ఆ పూటనే ఊర్లెకు. కుంట నిండి ఉంటే రంగు చూడను, మత్తడి దుంకుతుంటే కొట్టం ఖాళీ. ఏది చేసినా చీకటి పడకముందే. 1864, 1908, 1996, 2020, అన్నిట్ల రాత్రే ముంచింది. రాత్రి నీళ్లల్ల గొడ్డును వెతుకుతా పోయి మనిషి పోవుడు చూసినం. దుడ్డె కోసం ఆ రాత్రి నేను గూడ ఒర్రెల దిగబోయిన. మా తమ్ముడు అంగి పట్టుకొని గుంజిండు. లేకుంటే ఈ పోస్టు రాసెటోడు ఉండకపోవు.

ఇంట్ల ఈ మాట ఎవరు చెప్పాల్నో గూడ ముందే అనుకోండి. మా ఇంట్ల గిప్పుడు రూల్ ఏందంటే, ఎవరికి భయమైతే వాళ్ల మాటనే చెల్లుతది. చిన్నోడన్నా, ఆడోళ్లన్నా. పెద్దోన్ని నేను అని అడ్డం చెప్పుడు లేదు.

ఒట్టిగ కదిలిన రోజులు గూడ ఉన్నయి. రెండుసార్లు బర్రెలను తోలుకపోయినం, వాన చినుకులతోనే పోయింది. ఊర్ల నవ్విండ్రు. ఒక పూట పని పోయింది, ట్రాలీ కిరాయి పోయింది, పాలు కొంచెం తగ్గినయి. అంతకు మించి ఏం పోలే. మూడోసారి తోలుకపోనీకి ఆ నవ్వు అడ్డం రావొద్దు, గంతే.

ఇంకొక్క మాట. మన దిక్కు నాలాల పక్కన, కుంటల కింద రేకుల రూములల్ల బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినోళ్లు మస్తు మంది ఉంటరు. ఊరి గ్రూపుల తెలుగు మెసేజ్ వాళ్లకు అందదు. నీళ్లు ఏ దిక్కు నుంచి వస్తయో తెల్వదు, ఎక్కడికి పోవాల్నో తెల్వదు. కిరాయికి ఇచ్చినోళ్లు మనమే. ఎరుపు పడ్డ రోజు రెండు నిమిషాలు నిలబడి చెప్పి రండి. ఆ పిల్లగాడు నాకు చెప్పిండు, నేను నవ్విన. మీరు చెప్తే వాళ్లు నవ్వరు.

మీ ఊర్ల ఏ కుంట తెగితే ఏ ఇండ్లు మునుగుతయో మీ పెద్దలను అడిగి పెట్టుకోండి. చెప్పేటోళ్లు ఉన్నప్పుడే అడగాలె. ఉంట మరి.