కొంగు చాటు నవ్వు

మా మేనత్త నవ్వితే ముందు కొంగు కదిలేది, ఆ తర్వాతే నవ్వు వినబడేది. చిన్నప్పుడు వేసవి సెలవులకి నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు మా ఊరికి వెళ్ళినప్పుడల్లా నేనూ మా చెల్లెలూ ఆ నవ్వుని అనుకరిస్తూ ఆడుకునేవాళ్ళం. తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని కిసుక్కుమనడం! అది పెద్దింటి ఆడవాళ్ళ మర్యాద కాబోలు అనుకున్నాం. మర్యాదా కాదు, సిగ్గూ కాదు, పళ్ళు దాచుకోవడమని తెలిసేసరికి నాకు పదమూడేళ్ళు వచ్చాయి.

తెలిసిన సందర్భం కూడా ఏమంత బాగున్నది కాదు. ఒక మధ్యాహ్నం అరుగు మీద చింతపండు గింజ తీస్తూ మా నాయనమ్మ పాత సంగతేదో తవ్వింది. అత్తమ్మని మొదట చూసుకోవడానికి వచ్చినవాళ్ళలో ఒకావిడ, పిల్ల పాట పాడుతుంటే దగ్గరికి వంగి చూసి, "పళ్ళు తోముకోవడం నేర్పలేదా అమ్మా పిల్లకి?" అందట. అంతే, ఆ సంబంధం ఊసు మళ్ళీ లేదు. ఆ తర్వాత ఏడాదిపాటు అత్తమ్మ వేపపుల్లతో, బొగ్గుతో, ఉప్పుతో, ఆఖరికి ఇటుకపొడితో చిగుళ్ళు నెత్తురు కారేలా తోముకుందట. గోధుమరంగు చారలు మాత్రం ఒక్కటీ పోలేదు. చివరికి పాలమూరు జిల్లాలో కల్వకుర్తి వైపు ఇచ్చారు. అక్కడ ఎవరూ పళ్ళ మాటెత్తలేదు. ఎత్తేవాళ్ళ పళ్ళూ అదే రంగు మరి!

నేను ఆర్ట్సు చదివినదాన్ని. మా కాలేజీలో కెమిస్ట్రీ లాబ్ ముందునుంచి ముక్కు మూసుకుని నడిచేదాన్ని. అలాంటిదాన్ని, రెండేళ్ళ కిందట ఒక నవల కోసం మా ఊరి నీళ్ళ చరిత్ర వెతకబోతే, అత్తమ్మ పళ్ళ కథ అమెరికా దాకా పోయింది.

1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర దంతవైద్యుడు అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊళ్ళో ప్రాక్టీసు పెట్టాడు. చూస్తే, ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్లల పళ్ళ మీదంతా గోధుమరంగు మచ్చలు. బయటినుంచి వచ్చి స్థిరపడిన పెద్దవాళ్ళకి లేవు. ఇదేమిటని వెంటబడ్డాడు. కారణం దొరకడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. 1931లో ఒక అల్యూమినియం కంపెనీ రసాయనవేత్త, చర్చిల్ అనే ఆయన, నీళ్ళు పరీక్ష చేస్తే అందులో ఫ్లోరైడ్ బయటపడింది. అన్నిటికన్నా నన్ను పట్టేసిన సంగతి ఒకటుంది. ఆ మచ్చ పన్ను పైకొచ్చాక పట్టేది కాదు. ఎనిమిదేళ్ళలోపు, చిగురు లోపల పన్ను తయారయ్యే రోజుల్లోనే, పింగాణీ లాంటి ఆ పైపొరలో పడిపోతుంది. అంటే పన్ను పుట్టడమే ఆ మచ్చతో పుడుతుంది. ఏ పళ్ళపొడీ దాన్ని పోగొట్టలేదు. ఇది చదివి పుస్తకం మూసి కాసేపు అలాగే కూచున్నాను. ఇటుకపొడి! ఏడాదిపాటు!

మనదేశంలో దీన్ని ముందు గుర్తుపట్టింది వైద్యులు కాదు, రైతులు. 1930ల మొదట్లో నెల్లూరు ప్రాంతంలో దుక్కిటెద్దులు కీళ్ళు బిగిసి నడవలేకపోవడం చూశారట. ఎద్దు కుంటితే రైతుకి వెంటనే తెలుస్తుంది, పాపం ఇంట్లో ఆడది నడుం పట్టేసిందంటే అంత తొందరగా తెలియదు. తర్వాత కొన్నేళ్ళకి మనుషుల్లోనూ అదే కనిపించింది. మద్రాసు గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి డైరెక్టరుగా ఉన్న హెన్రీ షార్ట్, ఆయన తోటి వైద్యులు కలిసి 1937లో ఈ జబ్బు గురించి రాశారు. ఈ షార్ట్ దొరే పదకొండేళ్ళ తర్వాత మలేరియా పురుగు మనిషి కాలేయంలో దాక్కుంటుందని ఇంకొకాయనతో కలిసి నిరూపించి ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. మన నెల్లూరు వాళ్ళ ఎముకల మాట అంతగా ఎవరికీ గుర్తులేదు. చిత్రమేమిటంటే సరిగ్గా ఆ 1937లోనే డెన్మార్కులో కాయ్ రోహోమ్ అనే వైద్యుడు, ఫ్లోరిన్ ఉన్న క్రయోలైట్ రాయిని పొడిచేసే ఫ్యాక్టరీ కూలీల ఎముకల మీద పెద్ద గ్రంథం వేశాడు. అక్కడ కూలీలకి దుమ్ము తినిపించిన రోగం. ఇక్కడ మంచినీళ్ళే తాగించాయి.

ఇంకో సంవత్సరం చెప్తాను, 1945. ఆ జనవరిలో అమెరికాలో గ్రాండ్ రాపిడ్స్ అనే పట్టణంలో పిల్లల పళ్ళు పుచ్చిపోకుండా ఉంటాయని కుళాయి నీళ్ళలో ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టారు. మెకే రోజులనుంచీ మచ్చల పళ్ళు పుచ్చవని గమనిస్తూనే ఉన్నారు కదా, లీటరుకి ఒక మిల్లీగ్రాము చొప్పున కలిపితే లాభమేనని లెక్కవేశారు. అదే ఏడాది నిజాం రాజ్యంలో ఫ్లోరోసిస్ ఉందని డావర్ అనే ఆయన ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశాడు. ఒకచోట కొలిచి కలుపుతున్నారు, ఇంకోచోట కొలవకుండానే కడవలకొద్దీ తాగుతున్నారు. ఆ కలిపే గొడవ వాళ్ళకీ ఇంకా తెగలేదు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లల తెలివితేటలు కొంత తగ్గడానికీ దానికీ సంబంధం కనిపిస్తోందని 2024లో అక్కడి ప్రభుత్వ విష పదార్థాల పరిశోధనా సంస్థే నివేదిక ఇచ్చింది. 2025లో యూటా రాష్ట్రం కలపడమే నిషేధించింది. ఆ 1.5 అనేది ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత. మన నల్లగొండ బావుల్లో కొన్నిట్లో దానికి ఎన్నో రెట్లు ఉండేది.

మీకు తేదీల మీద మోజుంటే ఇంకోటి. 1955 డిసెంబరు 10. ఆ రోజు నెహ్రూగారు నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. చిన్నప్పుడు పాఠంలో చదువుకున్నాం. అదే తారీఖు బ్రిటిష్ మెడికల్ జర్నల్ సంచికలో హైదరాబాదు వైద్యుడు ఎ. హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం అచ్చయింది. పేరు, 'హైదరాబాద్ దక్కన్, నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్'. ఇది ఏ పాఠంలోనూ లేదు. ఒకే జిల్లా గురించి, ఒకే రోజున! నీళ్ళు వస్తాయని ఒకచోట, ఉన్న నీళ్ళు మనుషులని వంచేస్తున్నాయని ఒకచోట. ఎముక గట్టిపడి, కీళ్ళ దగ్గరి పట్టీలు కూడా రాయిలా మారి, వెన్ను కర్రలా బిగిసిపోయి, పక్కకి చూడాలంటే మనిషంతా తిరగాల్సివచ్చే స్థితిది. సాగర్ ఎడమకాలువ మిర్యాలగూడనీ హుజూర్‌నగర్‌నీ పచ్చగా చేసింది. మా మర్రిగూడ, మునుగోడు మెట్టలోనే ఉండిపోయాయి.

ఇంతకీ మా నేల చేసిన పాపమేమిటి? గ్రానైటు రాయి. అందులో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నాయి. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. నీరు రాళ్ళ సందుల్లో ఏళ్ళ తరబడి నానుతూ దాన్ని కరిగించుకుంటుంది. నీళ్ళలో సున్నం పాలు ఎక్కువుంటే ఫ్లోరైడ్‌ని పట్టి కింద కూచోబెడుతుంది, మాకు సున్నం తక్కువ, సోడా గుణం ఎక్కువ. "ఈ బోరు నీళ్ళల్ల పప్పు మస్తుగ ఉడుకుతది బిడ్డా, బువ్వ మాత్రం పచ్చవడతది" అనేది అత్తమ్మ. వంటసోడా వేస్తే పప్పు మెత్తబడదూ, ఇదీ అదే! కెమిస్ట్రీ రాకపోయినా ఆవిడ లెక్క సరిగ్గానే ఉంది.

దిగుడుబావుల కాలంలో నారికురుపు భయం ఉండేది. కాలులోంచి దారంలా పురుగు వచ్చే ఆ రోగం, దిగి నీళ్ళు ముంచుకునే బావులవల్లే. చేతిపంపులు వచ్చాయి, బోర్లు పడ్డాయి, నీటి మీద మూత పడింది, నారిపురుగు పోయింది. 2000లో మనదేశానికి దాని పీడ వదిలిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్టే ఇచ్చింది. సంతోషించాల్సిందే. కానీ బోరు ఎంత లోతుకి పోతే అంత రాతినీరు. ఒక దెయ్యాన్ని వదిలించుకుని ఇంకోదాన్ని చేద వేసి తోడుకున్నాం.

హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. వాళ్ళు 1970ల మొదట్లో ఒక కొత్త సంగతి కనిపెట్టారు. ముసలివాళ్ళకి నడుములు వంగడం సరే, ఎదిగే పిల్లలకి మోకాళ్ళు లోపలికి తిరిగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, పాదాలు దూరందూరంగా పడుతున్నాయి. కె. ఎ. వి. ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి అనే ఇద్దరు 1973లో లాన్సెట్ పత్రికలో దీని గురించి రాశారు. కమలగారు తర్వాత ఆ సంస్థకే డైరెక్టరయ్యారు, అందుకు నాకు ఎందుకో గర్వంగా ఉంటుంది. వాళ్ళు నీళ్ళ దగ్గర ఆగలేదు, వంటింట్లోకొచ్చారు. జొన్నలు పరీక్ష చేశారు. ఆ ఊళ్ళ జొన్నల్లో మాలిబ్డినం అనే ధాతువు ఎక్కువుంది. అది ఒంట్లోని రాగిని బయటికి తోసేస్తుందిట, రాగి లేకపోతే ఎముక గట్టిపడదు. పెద్ద డ్యాం నిండాక ఊటనీరు పైకొచ్చి, నేలలో చవుడు గుణం పెరిగి, పైరు మాలిబ్డినం ఎక్కువ లాగుతోందని వాళ్ళు ఊహించారు. వరన్నం తినేవాళ్ళకన్నా జొన్నలు తినేవాళ్ళ ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తుందని 1977లో అదే సంస్థవాళ్ళు చూపించారు. జొన్న గటక తిని పెరిగితే ఉక్కులా ఉంటారని మా నాయనమ్మ అనేది. జొన్నది కాదులెండి తప్పు. పాలూ పెరుగూ అందని ఇంట్లో, ఆ నీళ్ళతో వండితే ఏ గింజయినా ఏంచేస్తుంది?

మందు లేదా అంటే, ఎముకలో చేరినదాన్ని తీసే మందు లేదు. కాచితే పోదు సరికదా, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. నీళ్ళలోంచి తీసే ఉపాయం ఒకటి 1970లలో నాగపూరు పర్యావరణ పరిశోధనా సంస్థవాళ్ళు కనిపెట్టారు. పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడరు వేసి కలియబెడితే తెట్టు కట్టి ఫ్లోరైడ్‌ని పట్టుకుని అడుగుకి దిగుతుంది, పైన తేటనీరు. దాని పేరే 'నల్లగొండ టెక్నిక్'. తూర్పు ఆఫ్రికాలో టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్ళింది. అక్కడి ఇంజనీర్లకి మన ఊరి పేరు ఇలా తెలిసింది, ఏం చేస్తాం! బురదనీళ్ళలో చిల్లగింజ అరగదీసి తేర్చుకునే ఆడవాళ్ళకి ఈ పద్ధతి కష్టమేమీ కాదనుకున్నారేమో. కానీ పటిక ఎంత వెయ్యాలన్నది బావిబావికీ మారుతుంది. ఎక్కువైతే వగరు, తక్కువైతే దండగ. రోజూ కలపాలి, ఆగాలి, తేర్చాలి, ఆ తెట్టు ఎక్కడైనా పారబొయ్యాలి. పొద్దున నాట్లకి పోయే మనిషి ఇదంతా ఎప్పుడు చేస్తుందో ఆ కాగితాల్లో ఎవరూ రాయలేదు.

జనం విసిగిపోయారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది నిలబడ్డారు. నవ్వులాటకి కాదు, మా నీళ్ళ గోడు ఢిల్లీకి వినబడాలని. దుశ్చర్ల సత్యనారాయణగారి జలసాధన సమితి నడిపిన ఉద్యమమది. బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమైంది. ధర్మభిక్షంగారు గెలిచారు. ఆ ఏడాదే ప్రభుత్వం డిపాజిట్టు 500 నుంచి 10,000 రూపాయలకి పెంచింది. నీళ్ళకన్నా అదే ముందొచ్చింది.

నీళ్ళు రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ వేశారు, తర్వాత ఒక్కో ఊరికీ కృష్ణ నీళ్ళు కుళాయిల్లో దిగాయి. రాష్ట్రంలో ఫ్లోరైడ్ బాధిత ఆవాసాల లెక్క సున్నాకి వచ్చిందని 2020లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ సున్నాలో అత్తమ్మ నడుం లేదు.

మొన్న సంక్రాంతికి కల్వకుర్తి వెళ్ళాను. అత్తమ్మ గుమ్మంలో ఎదురొచ్చింది, నేల చూస్తూ. నన్ను చూడాలంటే ఆవిడ తలెత్తలేదు, ఒళ్ళంతా కొంచెం వెనక్కి వాల్చాలి. నేను తెలుసుకున్నవన్నీ చెప్పాను. ఇటుకపొడి సంగతి దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పట్టేసింది. "నీ తప్పు కాదత్తమ్మా, అవి పుట్టడమే అట్ల పుట్టినయి" అన్నాను.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "అయితే మా అమ్మ నన్ను ఉత్తగనే కొట్టిందన్నట్టు" అంది ఆఖరికి.

మాట మార్చడానికి చింతపండు కథ ఎత్తాను. 2002లో ఆ తార్నాక సంస్థవాళ్ళే 18 మంది పిల్లలకి రోజూ మధ్యాహ్నం భోజనంలో 10 గ్రాముల చింతపండు 18 రోజులు పెట్టి చూశారు. ఒంట్లోంచి మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ రోజుకి మూడున్నర మిల్లీగ్రాములనుంచి 4.8 దాకా పెరిగిందట. చిన్న పరీక్షే, మందని ఎవరూ అనలేదు. ఉట్టి పులుసుతో ఎముకలు తేలిక కావు.

"పది గ్రాములంటే ఎంత?" అంది అత్తమ్మ.

"చిన్న నిమ్మకాయంత కూడా ఉండదేమో."

"ఓస్, గంతేనా? మేం దినాం తిన్నది అంతకు ఎక్కువే గద బిడ్డా! అది లేకుంటే ఇంకెంత వంగేదాన్నో" అని నవ్వింది. చెయ్యి అలవాటుగా కొంగు దగ్గరికి పోయింది. ఇంతలో ఆవిడ మనవరాలు, ఏడేళ్ళది, ముందరి రెండు పళ్ళూ కొత్తగా వస్తున్నాయని చూపించడానికి నోరు తెరుచుకుని మా మధ్యలోకి దూరింది. అత్తమ్మ దాని గడ్డం పట్టుకుని వాకిలి వెలుగులోకి తిప్పి, ఒక్కో పన్నూ వేలితో రాసి రాసి చూసింది.

"తెల్లగనే ఉన్నయి గద?" అంది నాతో. "సరిగ్గ చూడు, నాకు ఆనుతలేదు."